మందుల కౌంటరు దగ్గర మాట – మూడో పాఠం: ‘ఆయనకు షుగర్’ అన్నట్టే

గత పాఠం చివర ఒక పని ఇచ్చాను. మానసిక జబ్బుల మందుల గురించి మీ షాపులో వారం రోజుల పాటు వినిపించిన మాటలన్నీ ఒక చీటీ మీద రాసుకోమన్నాను. నేనూ రాశాను. మా షాపు బెంగళూరులో హోసూరు రోడ్డుకు దగ్గర. నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రిలో చూపించుకుని, హిందూపురం, అనంతపురం, మదనపల్లె బస్సు ఎక్కేముందు నెలకు సరిపడా మందులు కొనుక్కునే మనవాళ్లు రోజూ వస్తుంటారు. నా చీటీలో చేరిన మాటలివి: పిచ్చి మాత్రలు, మెంటల్ కేసు, తిక్కోడు, డిప్రెషన్ పేషెంటు, నరాల మందు. వీటిలో సగం కౌంటరు లోపల నిలబడ్డ మా నోటి నుంచి వచ్చినవే.

1847లో లునాటిక్ అసైలం, అంటే పిచ్చివాళ్ల ఆశ్రమం, అన్న పేరుతో మొదలైన ఈ ఆసుపత్రికి 1925లోనే ఆ పేరు తీసేసి మెంటల్ హాస్పిటల్ అని పెట్టారు. 1974లో నిమ్హాన్స్ అయింది. బోర్డు మారి ఇన్నేళ్లయినా ‘పిచ్చాసుపత్రి’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. అందుకే ఈ పాఠంలో పదాల పట్టిక ఇవ్వడం లేదు. ఒక్క వాక్యం నేర్చుకుందాం. నిజానికి అది మీకు వచ్చిందే.

షుగర్ ఉన్న మనిషి గురించి ఏమంటాం? ‘ఆయనకు షుగర్ ఉంది.’ పాపకు జ్వరం వచ్చింది, అమ్మకు బీపీ ఉంది, తాతకు ఆయాసం తగ్గింది. తెలుగులో జబ్బు మనిషికి వస్తుంది, మనిషికి ఉంటుంది, మనిషికి తగ్గుతుంది. ఆ ‘కి’, ‘కు’ మనిషినీ జబ్బునూ విడివిడిగా నిలబెడతాయి. మనసుకు జబ్బు చేసినప్పుడు మాత్రం వాటిని తీసి పారేసి ‘ఆయన పిచ్చోడు’, ‘ఆమె సైకో’ అంటాం. జ్వరం వచ్చినవాణ్ని ‘జ్వరపోడు’ అని ఎవరైనా పిలుస్తారా? ‘ఆయనకు స్కిజోఫ్రీనియా ఉంది’, ‘ఆమెకు డిప్రెషన్ వచ్చింది, ఇప్పుడు తగ్గింది’ అంటే చాలు.

మనిషిని సూచించే మాట ముందు రావాలి, జబ్బు పేరు తర్వాత రావాలి అని ఇంగ్లీషు పుస్తకాలు చెబుతాయి. ఆ వరుసను మనం పట్టుకోనక్కర్లేదు. ‘బైపోలార్ ఉన్న అమ్మాయి’ అన్నప్పుడు జబ్బు పేరే ముందొస్తుంది, అది మన భాష తీరు. ‘ఉన్న’, ‘అమ్మాయి’ అనే రెండు మాటలూ ఉన్నాయా అన్నదే చూసుకోండి. ‘బాధపడుతున్న’ అని కూడా ప్రతిసారీ చేర్చొద్దు. మందు వేసుకుంటూ ఉద్యోగం చేసుకుంటున్న మనిషి బాధపడుతున్నారని మనకెలా తెలుసు? ఎవరైనా తమ గురించి తామే ‘నేను బైపోలార్’ అని చెప్పుకుంటే సరిదిద్దకండి. ఆ మాట వాళ్ల ఇష్టం.

పదం కంటే ఎక్కువగా గుచ్చుకునేది ‘మీరు’, ‘వీడు’ అనే పిలుపు, దాని వెంట వచ్చే క్రియ అని నా అనుభవం. ముప్పై ఏళ్ల మనిషి అన్నతో కలిసి వచ్చి నిలబడతాడు. మనం అన్నవైపు తిరిగి, ‘వీడు మాత్రలు సరిగ్గా మింగుతున్నాడా?’ అని అడుగుతాం. అదే మనిషి దగ్గు మందు కోసం వచ్చి ఉంటే ‘చెప్పండన్నా’ అనేవాళ్లం. చీటీ మీద మందు పేరు చూడగానే ‘మీరు’ కాస్తా ‘వీడు’ అయిపోయింది. ఈ వారం అభ్యాసం ఇక్కడి నుంచే మొదలుపెట్టండి: మందు ఎవరిదో వాళ్ల ముఖం చూసి, ‘మీరు’ అంటూ, వాళ్లనే అడగండి. ‘ఎందుకు మానేశారు?’ అంటే నేరం మోపినట్టు ఉంటుంది. ‘పోయిన నెల మాత్రలు ఏమైనా మిగిలాయా అన్నా?’ అంటే నిజం బయటికి వస్తుంది. పగలంతా మత్తుగా ఉంటోందనో, బరువు పెరిగాననో, చేతులు వణుకుతున్నాయనో చెబుతారు. డాక్టరుకు చేరాల్సిన కబురు అదే.

నేను ట్రైనింగులో ఉన్న రోజుల్లో, ఇంకో షాపులో, మందులు కట్టి ‘ఆ మెంటల్ మందులు ఎవరివి?’ అని గట్టిగా అరిచాను. ఎవరూ పలకలేదు. జనం అంతా వెళ్లిపోయాక, ఓ మూల నిలబడ్డ ఒకావిడ వచ్చి, కొంగు తలమీదికి లాక్కుని, మందులు తీసుకుని వెళ్లింది. ఆవిడ అలా ఎదురుచూసిన పావుగంట నన్ను ఇప్పటికీ వదల్లేదు. టోకెన్ నంబరుతో పిలవండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్‌లో గోప్యతను హక్కుగానే రాశారు.

పైగా మందును బట్టి జబ్బును ఊహించడం చదువు రీత్యా కూడా తప్పే. వాల్ప్రోయేట్ ఫిట్స్‌కు ఇస్తారు, బైపోలార్‌కు ఇస్తారు, మైగ్రేన్ రాకుండానూ ఇస్తారు. అమిట్రిప్టిలిన్ డిప్రెషన్ మందే అయినా షుగర్ వల్ల కాళ్లు మండేవాళ్లకూ రాస్తారు. ఒలాంజపిన్ క్యాన్సర్ కీమో వాంతులకూ వాడతారు. ‘ఇది దేనికో డాక్టరుగారు చెప్పారా?’ అని మెల్లగా అడిగి, వాళ్లు చెప్పిన మాటతోనే ముందుకు వెళ్లండి.

రిజిస్టరు దగ్గర ఇంకో చిక్కు ఉంది. అల్ప్రాజోలామ్, జోల్పిడెమ్ లాంటి ఆందోళన, నిద్ర మందులు షెడ్యూల్ హెచ్1లో, అంటే అమ్మినప్పుడు విడిగా రిజిస్టరులో రాయాల్సిన మందుల జాబితాలో, ఉన్నాయి. 2014 మార్చి నుంచి డాక్టరు పేరు, అడ్రసు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామన్నది రాసి మూడేళ్లు దాచాలి. పేరు అడగగానే మనిషి ముడుచుకుపోతారు. ‘ఈ మందు ఎవరు కొన్నా రాయాలమ్మా, రూలు’ అని ముందే చెబితే ఆ టెన్షన్ ఉండదు.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న తల్లులు అడుగుతారు: ‘ఇది పిచ్చి మందా నాయనా?’ జాలిపడి ‘కాదమ్మా, నరాల బలానికి’ అనేస్తాం. అలా అనొద్దు. బలం వచ్చిందనుకున్న రోజున ఆ తల్లే మందు ఆపేస్తుంది. నేను ఇలా చెబుతాను: ‘మనసుకు సంబంధించిన జబ్బుకు మందమ్మా. షుగర్‌కు ఉన్నట్టే దీనికీ ఉంది. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. మధ్యలో ఆపకండి, పడకపోతే డాక్టరుగారికి చెబితే మారుస్తారు.’ ‘పిచ్చి’ అనొద్దని ఆవిడకు పాఠం చెప్పను. నా జవాబులో ఆ మాట ఉండదు, అంతే. కవరు మీద 14416 అని రాసిస్తాను. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు, రాత్రయినా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు.

ఇక మీ వంతు. ఈ మూడు వాక్యాలను మీ యాసలోనే తిరగరాయండి: ‘ఆ డిప్రెషన్ పేషెంటు మళ్లీ వచ్చింది.’ ‘వాడు మెంటల్, మాట వినడు, మందు మింగడు.’ ‘మీ చెల్లెలికి నిద్ర మాత్రలు అలవాటైపోయాయా?’ మూడోదానిలో తిట్టు ఒక్కటీ లేదు. అయినా ఎక్కడ నొప్పి పెడుతుందో వెతకండి. తర్వాతి పాఠం ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అనే మాటతో మొదలవుతుంది. ‘పాల్పడ్డాడు’ అని ఇంకా వేటి గురించి అంటామో అప్పటికి ఓ ఐదు రాసి పెట్టుకోండి.