పాత స్పానిష్ దెయ్యాల సినిమాలు డిస్కులో చూడాలంటే

ముందే చెప్తున్నా, భయపడదామని అయితే వీటి జోలికి రాకండి. బడ్జెట్ లేదు, మాస్కు రబ్బరుదని తెలిసిపోద్ది, కథ మధ్యలో ఎటో పోద్ది. అయినా ఒక పాడుబడ్డ మఠం, కాస్త పొగ, ఒక గంట మోత, వీటితోనే మూడ్ తెప్పించేస్తారు, మనకి కావాల్సింది అదే.

కొత్తవాళ్ళు 1972లో అమాండో డి ఒస్సోరియో తీసిన 'టూంబ్స్ ఆఫ్ ది బ్లైండ్ డెడ్'తో మొదలెట్టండి. చచ్చిపోయిన టెంప్లర్ సైనికులు (మధ్యయుగం నాటి క్రైస్తవ యోధులు) సమాధుల్లోంచి లేస్తారు, కళ్ళుండవు, చప్పుడుని బట్టి వేటాడతారు, గుర్రాల మీద వచ్చేది మొత్తం స్లో మోషనే, అయినా ఎవరూ తప్పించుకోలేరు, లాజిక్ అడక్కండి. ఒకమ్మాయి నోరు మూసుకుని కదలకుండా నిలబడితే ఆమె గుండె కొట్టుకునేది వినపడిపోద్ది వాళ్ళకి. ఆ సీన్‌కి ఫ్యాన్ కూడా ఆపేసి చూడాలి, మే నెల బెజవాడలో అయితే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. అన్నట్టు కళ్ళు ఎలా పోయాయంటే మొదటి పార్ట్‌లో పక్షులు పొడిచాయంటారు, రెండో దాంట్లో ఊరోళ్ళు కాల్చేశారంటారు.

ఇక డిస్కు కొనడం, డబ్బులు తగలబడేది ఇక్కడే. డిస్కుకీ ప్లేయర్‌కీ రీజియన్ అని ఒక కోడ్ ఉంటది, రెండూ కలిస్తేనే డిస్కు ఆడుద్ది. మన డీవీడీ రీజియన్ 5, స్పెయిన్‌ది 2, అమెరికాది 1. బ్లూరే అయితే మనది సి, వాళ్ళవి బి, ఎ. అమెరికా నుంచి బావగారు వస్తున్నారని ఆర్డర్ పెట్టేముందు రీజియన్ ఫ్రీ అని ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అది షోకేసులో పెట్టుకోడానికే.

పేరు చూసి మాత్రం కొనద్దు. స్పానిష్ నటుడు పాల్ నాషీ తోడేలు మనిషిగా చేసిన 1968 సినిమాని అమెరికాలో 'ఫ్రాంకెన్‌స్టైన్స్ బ్లడీ టెర్రర్' అని వదిలారు, ఫ్రాంకెన్‌స్టైన్ భూతం మచ్చుకైనా ఉండదు, మన గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్లకి కూడా రాని ఐడియా! అందుకే స్పానిష్ ఒరిజినల్ పేరు, డైరెక్టరు, సంవత్సరం మూడూ కలిశాకే తీసుకోండి. కవర్ వెనక రన్‌టైమ్ కూడా చూడండి, ఎందుకంటే స్పెయిన్ నియంత ఫ్రాంకో టైమ్‌లో సెన్సార్ గట్టిగా ఉండేది, కొన్ని సీన్లు స్పెయిన్‌కి బట్టలతో ఒకసారి, బయటి దేశాలకి లేకుండా ఇంకోసారి తీసేవాళ్ళు, అందుకని ఒకే సినిమా రెండు రకాలుగా దొరుకుద్ది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఏది పెడుతున్నారో ముందే తెలుసుకోండి బాబూ.

ఆడియో స్పానిష్ పెట్టి సబ్‌టైటిల్స్ వేసుకోండి. అప్పట్లో అక్కడ డబ్బింగ్ తర్వాత చెప్పడమే అలవాటు, కాబట్టి పెదాలు కలవలేదని డిస్కుని తిట్టకండి. 'హారర్ ఎక్స్‌ప్రెస్' ఒక్కటి ఇంగ్లీషులో చూడండి, ఇంగ్లీషు నటులు క్రిస్టోఫర్ లీ, పీటర్ కుషింగ్ సొంత గొంతులు పోగొట్టుకోవడం పాపం. దానికి అమెరికాలో కాపీరైట్ లేదు, చౌక డిస్కులు బోలెడు, ప్రింట్లు దారుణం, రీస్టోర్ చేసింది దొరికేదాకా ఆగండి.

టీవీలో వివిడ్ మోడ్ తీసేయండి. ఈ సినిమాల్లో చాలా రాత్రి సీన్లు పగలు షూట్ చేసి చీకటి చేసినవే, బ్రైట్‌నెస్ పెంచితే శవాలు మధ్యాహ్నం రెండింటికి తిరుగుతున్నట్టుంటది. మోషన్ స్మూతింగ్ (కదలికల్ని అతి నున్నగా చూపించే టీవీ సెట్టింగ్) కూడా ఆపేయండి, లేకపోతే సీరియల్ లుక్ వచ్చేస్తది.

బ్లైండ్ డెడ్ నచ్చితే మిగతా మూడూ వరసగా చూసేయండి, ఆఖరుది 1975లో వచ్చింది. మూడో దాంట్లో ఓడ మాత్రం పక్కా బొమ్మ ఓడే, తొట్టిలో వదిలినట్టే కనపడుద్ది, ఫ్రెండ్స్‌ని పిలిస్తే ఆ పార్ట్‌కే పిలవండి.