ఫోన్ తగిలించగానే ల్యాప్‌టాప్ పడిపోతోందా? ముందు కరెంటా, డ్రైవరా తేల్చుకోండి

ఫోన్, ట్యాబ్, ఈ-రీడర్, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ పరికరం, ఏదైనా సరే, యూఎస్‌బీకి పెట్టగానే ల్యాప్‌టాప్ ఆగిపోతుంటే చాలామంది నేరుగా విండోస్ మళ్లీ వేయించేస్తారు. అది అన్నిటికన్నా ఆఖరున చేయాల్సిన పని. పోర్టులోనో కేబుల్‌లోనో లోపముంటే విండోస్ ఎన్నిసార్లు వేసినా ఒరిగేదేమీ లేదు. తప్పు కరెంటు వైపు ఉందా, డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న సాఫ్ట్‌వేర్) వైపు ఉందా అన్నది తేలితే సగం పని అయినట్టే. పరీక్షలు మొదలుపెట్టే ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరేచోట దాచుకోండి. పదేపదే అర్ధాంతరంగా ఆగిపోతే డిస్కులో రాస్తున్న ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది.

ఎలా పడిపోతోందో గమనించండి

తెర, ఫ్యాన్, లైట్లు అన్నీ ఒక్కసారిగా ఆరిపోతే కరెంటు మీద అనుమానం. ఎర్రర్ సందేశంతో నీలి తెర (కొత్త విండోస్ 11లో నల్ల తెర) వస్తే డ్రైవర్ మీద అనుమానం. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ మాత్రమే బిగుసుకుపోయి మౌస్ కదులుతుంటే అది అసలు క్రాషే కాదు. ఫోన్‌లోని కెమెరా ఫోల్డర్‌లో వేల ఫొటోలుంటే ఆ జాబితా చదవడానికి నిమిషాలు పడుతుంది, కాసేపు ఆగండి.

నీలి తెర చదివేలోపే రీస్టార్ట్ అయిపోతోందా? స్టార్ట్ మెనూలో అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ వెతికి తెరవండి. స్టార్టప్ అండ్ రికవరీ కింద ఉన్న సెట్టింగ్స్ నొక్కి, ఆటోమేటికల్లీ రీస్టార్ట్ ముందున్న టిక్ తీసేయండి.

తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా ఇది) విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ తెరిచి, క్రాష్ అయిన సమయానికి కెర్నల్-పవర్ 41 అనే నమోదు కోసం చూడండి. దాని డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్‌కోడ్ అనే అంకె ఉంటుంది. అది 0 అయితే విండోస్ ఏ ఎర్రరూ రాసుకునే వ్యవధి లేకుండానే యంత్రం ఆగిందన్నమాట. (బిగుసుకుపోయాక మీరే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినా 0 రావచ్చు, ఆ తేడా గుర్తుంచుకోండి.) 254 లేదా 324 ఉంటే యూఎస్‌బీ డ్రైవర్లే. 159 అయితే నిద్రలోకి వెళ్లేటప్పుడో లేచేటప్పుడో ఏదో డ్రైవర్ సమాధానం ఇవ్వలేదు.

అసలు పరీక్ష

డేటా తీగలు లేని, చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో ఫోన్ పెట్టండి. ఈ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు అక్కడ ఫోన్ ఉందన్న సంగతే తెలియదు. అయినా పడిపోయిందంటే ఫోన్ డ్రైవర్‌ను నిందించాల్సిన పనిలేదు, తప్పు కరెంటుదే. అలాంటి కేబుల్ లేకపోతే మామూలు కేబుల్‌తోనే పెట్టి, ఆండ్రాయిడ్ నోటిఫికేషన్‌లో నో డేటా ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి. ఇది అంత కచ్చితమైన పరీక్ష కాదు గానీ పనికొస్తుంది. ఫైల్ ట్రాన్స్‌ఫర్‌కు మార్చిన క్షణంలోనే క్రాష్ అయితే డ్రైవర్ వైపు వెళ్లండి.

పరీక్షించేటప్పుడు ఫోన్ బ్యాటరీ 30 శాతం లోపు ఉండాలి. నిండిన ఫోన్ కరెంటు అంతగా తీసుకోదు, లోపం బయటపడదు. మౌస్, పెన్‌డ్రైవ్ పెడితే ఏమీ కాకుండా ఫోన్ పెడితేనే పడిపోవడానికి కూడా చాలాసార్లు కారణం అది లాగే ఎక్కువ కరెంటే.

కరెంటు వైపైతే

యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపులు, 3.0 పోర్టు 900. పరికరం అంతకుమించి లాగితే మదర్‌బోర్డు మీది రక్షణ చిప్ ఆ ఒక్క పోర్టునే ఆపేయాలి. ఆ చిప్ బలహీనపడినా, పోర్టులో పిన్నులు ఒకదానికొకటి తగిలినా 5 వోల్టుల సరఫరా మొత్తం కుంగిపోయి ల్యాప్‌టాప్ ఆగిపోతుంది.

అన్నిటికన్నా ముందు కేబుల్ మార్చండి. ఒక చివర పాత వెడల్పు పిన్ను, మరో చివర టైప్-సీ ఉండే కేబుల్‌లో, ఎంత కరెంటు తీసుకోవచ్చో ఫోన్‌కు తెలిపే 56 కిలో ఓముల రెసిస్టర్ ఉండాలి. నాసిరకం కేబుళ్లలో 10 కిలో ఓములది పెడతారు. దాంతో ఈ పోర్టు 3 యాంపులు ఇవ్వగలదని ఫోన్ పొరబడి ఇష్టమొచ్చినట్టు లాగుతుంది.

తర్వాత ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, టార్చ్‌తో పోర్టు లోపల చూడండి. దుమ్ము, తుప్పు, వంగిన పిన్ను, ఇరుక్కున్న లోహపు ముక్క ఏదైనా ఉండొచ్చు. దుమ్మును చెక్క టూత్‌పిక్‌తో తీయండి, సూది మాత్రం వద్దు. పిన్నులు వంగి ఉంటే ఆ పోర్టు వాడకం మానేయండి. రెండో వైపు పోర్టులో పెట్టి చూడటం మరవకండి: చాలా మోడళ్లలో ఒక పక్క పోర్టులు విడిగా చిన్న బోర్డు మీద ఉంటాయి. అటువైపు మాత్రమే సమస్య ఉంటే ఆ బోర్డో, దాని రిబ్బన్ కేబులో మారిస్తే చాలు.

చార్జర్ తీసినప్పుడు మాత్రమే ఆగిపోతుంటే అరిగిన ల్యాప్‌టాప్ బ్యాటరీని అనుమానించాలి. సొంత అడాప్టర్ ఉన్న హబ్ ద్వారా పెట్టినప్పుడు క్రాష్ ఆగిపోతే కరెంటు లోపం దాదాపు ఖాయమైనట్టే. బాగు చేయించేదాకా తాత్కాలిక ఉపాయంగానూ ఆ హబ్ పనికొస్తుంది.

డ్రైవర్ వైపైతే

డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ నుంచి షో హిడెన్ డివైసెస్ నొక్కండి. పోర్టబుల్ డివైసెస్ కింద మసకగా కనిపించే పాత ఫోన్ల నమోదులన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఫోన్ కంపెనీ ఇచ్చిన పీసీ సాఫ్ట్‌వేర్ ఉంటే అదీ తీసేసి రీస్టార్ట్ చేసి చూడండి. ఇలాంటివి సొంత డ్రైవర్లు చొప్పిస్తుంటాయి, గొడవ తరచూ వాటితోనే.

తగ్గకపోతే ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి మీ మోడల్‌కే చెందిన చిప్‌సెట్ డ్రైవర్, ఆ తర్వాత బయాస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ వేయండి. బయాస్ వేసేటప్పుడు చార్జర్ పెట్టే ఉంచాలి, ఫోన్ తీసేయాలి. అన్ని డ్రైవర్లూ మేమే సరిచేస్తామనే యాప్‌ల జోలికి వెళ్లొద్దు. కోడ్ 159 వచ్చినవారు పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (వాడని యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చే అమరిక) ఆపి చూడాలి.

ఎటూ తేలకపోతే విండోస్‌కు బదులు ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి, ఇన్‌స్టాల్ చేయకుండా నడిపి ఫోన్ పెట్టండి. అక్కడ బాగుంటే తప్పు విండోస్‌లో ఉంది, ఇప్పుడు మళ్లీ వేయడంలో అర్థముంది. అక్కడా పడిపోతే చిప్ లెవల్ పని చేసేవారికి చూపించండి. మదర్‌బోర్డు మొత్తం మార్చాలని ఒప్పుకునే ముందు యూఎస్‌బీ పోర్టు, దాని రక్షణ చిప్ మాత్రమే మార్చగలరేమో అడగండి.