టార్చిలైటు కొనేముందు సెల్లు సంగతి తేల్చుకోండి

దుకాణంలో టార్చిలైటు అడిగితే ముందు దాన్ని వెలిగించి ఎదురుగోడ మీద కొట్టి చూపిస్తారు. ఎంత తెల్లగా ఉంటే, ఎంత దూరం పడితే అంత మంచి లైటనుకుని తెచ్చేసుకుంటాం. కానీ కరెంటు పోయిన మూడో రాత్రికి అది వెలగాలంటే లోపల ఏ సెల్లు ఉంది, దాన్ని మళ్లీ ఎలా నింపుతాం అన్నవే లెక్కలోకొస్తాయి. అందుకే ఎంపిక సెల్లు దగ్గర మొదలుపెట్టాలి. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీకు ఎంత వెలుగు కావాలి?

ఎంత వెలుగు సరిపోతుంది

పెట్టె మీద వెలుగును ల్యూమెన్లలో రాస్తారు. ఇంట్లో ఒక గదికి 20 నుంచి 30 చాలు, లైటును నిలబెట్టి తెల్లటి పైకప్పుకు కొడితే అన్నం తినడానికి ఇబ్బంది ఉండదు. వీధిలో నడకకు 50 నుంచి 100. పొలం గట్లమీద మోటారు దగ్గరికి వెళ్లాలంటే 150 నుంచి 300. అంతకు మించినవి కాసేపు దూరం చూడటానికే పనికొస్తాయి. వెయ్యి ల్యూమెన్లని రాసిన చిన్న లైటు ఏదైనా కొన్ని నిమిషాల్లో వేడెక్కి తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. అది లోపం కాదు, అలా చేయకపోతే ఎల్ఈడీ కాలిపోతుంది.

దూరానికి కొలత కాండెలా. దాని వర్గమూలాన్ని రెండుతో హెచ్చిస్తే మీటర్లు వస్తాయి. 10,000 కాండెలా ఉంటే వర్గమూలం 100, అంటే 200 మీటర్లు. టార్చిలైట్ల కొలతలకు వాడే ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం రాసే దూరం ఇదే. అయితే ఆ 200 మీటర్ల చివర పడేది 0.25 లక్స్, అంటే పున్నమి వెన్నెలంత. అక్కడున్నది మనిషో పశువో పోల్చుకోవాలంటే రాసిన దూరంలో సగమే నమ్ముకోవాలి.

పొలానికి వెళ్లేవాళ్లు దూరం కొట్టే లైటు కొని మోసపోతుంటారు. కట్లపాము తిరిగేది రాత్రిపూట. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోయి కదలకుండా పడి ఉంటుంది. సన్నటి కాంతిపుంజం కాళ్లముందు కొడితే ఒక తెల్లటి మచ్చ మాత్రం మెరుస్తుంది, కళ్లు ఆ వెలుగుకు అలవాటుపడి దాని చుట్టూ ఉన్నదంతా నల్లగా కనిపిస్తుంది. అడుగు వేయాల్సింది ఆ నలుపులోనే. కాబట్టి లోపలి అద్దం నునుపుగా కాకుండా కాస్త గరుకుగా ఉన్నది, వెలుగు వెడల్పుగా పరుచుకునేది చూసుకోండి. వెలుగు రంగును కెల్విన్లలో రాస్తారు, అది 4,000 నుంచి 5,000 ఉంటే గోధుమరంగు, మట్టిరంగు విడిగా తెలుస్తాయి. నీలం పారే 6,500 కెల్విన్ల తెలుపులో అన్నీ ఒకేలా పాలిపోతాయి.

సెల్లుల్లో ఏది

దుకాణాల్లో తేలిగ్గా దొరికే ఎర్ర సెల్లులు జింక్ కార్బన్‌వి. గోడ గడియారానికి, రిమోట్‌కు బాగుంటాయి. టార్చిలో కాస్త ఎక్కువ కరెంటు లాగగానే వోల్టేజి పడిపోతుంది, లైటు ఎర్రబడుతుంది లేదా మసకబారుతుంది. ఆల్కలైన్ సెల్లు వాటికంటే చాలా నయం, కానీ లైటులోనే నెలల తరబడి వదిలేస్తే కారుతుంది. ఎమర్జెన్సీ లైటుకు ఆల్కలైన్ వాడేట్టయితే సెల్లులను బయటికి తీసి, లైటుకే రబ్బరుబ్యాండు వేసి కట్టిపెట్టండి.

తరచూ వాడే పెన్సిల్ సెల్లు లైటుకు ఛార్జింగ్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు సరైనవి. వోల్టేజి 1.5 బదులు 1.2 అని కంగారు పడక్కర్లేదు, ఎక్కువ కరెంటు లాగినప్పుడు అవి ఆల్కలైన్ కంటే నిలకడగా ఇస్తాయి. వీటిలో ఛార్జి నిలుపుకునే రకం అని రాసి ఉన్నవే తీసుకోండి. మామూలు రకం అల్మరాలో పెడితే కొన్ని నెలల్లో ఖాళీ అవుతుంది. ఒకసారి వాడి పారేసే లిథియం పెన్సిల్ సెల్లు ఖరీదే, అయితే పదేళ్లయినా ఛార్జి చాలావరకు నిలుస్తుంది, కారడం చాలా అరుదు. కారులో, పెట్టెలో పెట్టి మరచిపోయే లైటుకు దాన్ని మించింది లేదు.

ఇక 18650 అనే ఛార్జింగు లిథియం సెల్లు. పేరే కొలత: 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. సెల్లు పట్టే ఛార్జిని ఎంఏహెచ్‌లో రాస్తారు. 3,000 ఎంఏహెచ్ అంటే 3 యాంప్-అవర్లు, దాన్ని 3.6 వోల్టులతో హెచ్చిస్తే 10.8 వాట్-అవర్లు, అదే సెల్లులోని మొత్తం శక్తి. మూడు సన్న రిమోట్ సెల్లులు ఛార్జింగువి, 800 ఎంఏహెచ్‌వి వేసినా మొత్తం 2.9 వాట్-అవర్లే. మూడు సన్న సెల్లుల బుట్ట ఉన్న లైట్లు చూడ్డానికి దిట్టంగా ఉన్నా త్వరగా నీరసించేది ఇందుకే. వాటిని కొనకపోవడమే మంచిదని మా సలహా.

18650లో నకిలీలు విపరీతం. ఆ సైజులో మామూలుగా నిజంగా దొరికేది సుమారు 3,500 ఎంఏహెచ్ వరకే. 6,800, 9,900 అని రాసి ఉంటే లోపల వెయ్యి కూడా ఉండకపోవచ్చు. అసలు సెల్లు 45 నుంచి 48 గ్రాములు తూగుతుంది. 30 గ్రాములు తూగితే పక్కన పడేయండి. బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, తేలిగ్గా ఉంటే మాత్రం నకిలీ ఖాయం. రక్షణ సర్క్యూట్ అంటించిన సెల్లు 68 నుంచి 70 మిల్లీమీటర్లు ఉంటుంది, కొన్ని లైట్లలో పట్టదు. కొనేముందు పాత సెల్లును స్కేలుతో కొలవండి. పై ప్లాస్టిక్ తొడుగు చిరిగిన సెల్లు వేయొద్దు. ఒంటిమీదంతా నెగెటివే కాబట్టి షార్టయ్యే ప్రమాదం ఉంది.

గోడకు గుచ్చే టార్చీలు

వెనకనుంచి రెండు పిన్నులు బయటికి లాగి నేరుగా సాకెట్‌లో పెట్టే లైట్లు ఊళ్లలో ఇంటికొకటి ఉంటాయి. చవకరకం విప్పి చూస్తే లోపల ఒక 4 వోల్టుల లెడ్ ఆసిడ్ బ్యాటరీ, ఒక పెద్ద కెపాసిటర్, నాలుగు డయోడ్లు, రెండు మూడు రెసిస్టర్లు కనిపిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. అంటే ఛార్జింగులో ఉన్నంతసేపు లోపలి తీగలన్నీ 230 వోల్టుల లైనుకు కలిసే ఉంటాయి. స్విచ్చి పగిలినా, గాజు ఊడినా షాక్ కొడుతుంది. ఛార్జింగులో ఉండగా వెలిగించొద్దు, తడిచేత్తో ముట్టుకోవద్దు.

కెపాసిటర్ మీద 105 అని ఉంటే అది 1 మైక్రోఫారడ్. మన 50 హెర్ట్జ్ కరెంటులో దానిగుండా వచ్చేది సుమారు 70 మిల్లీయాంపులు. 900 ఎంఏహెచ్ బ్యాటరీ నిండాలంటే 13 గంటలకు తగ్గదు. ఎర్రదీపం వెలిగిందంటే కరెంటు వస్తోందనే, నిండిందని కాదు. ఈ బ్యాటరీ ఖాళీగా రెండు నెలలు పడి ఉంటే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, ఇక ఎంత ఛార్జి పెట్టినా నిలవదు. ఇంట్లో ఉన్నదాన్ని పారేయక్కర్లేదు, నెలకోసారి రాత్రంతా ఛార్జి చేయండి. కొత్తది మాత్రం యూఎస్‌బీ ఛార్జింగు ఉన్న లిథియం రకం కొనండి.

కొన్న వారంలోనే చేయాల్సిన పరీక్ష

1. పూర్తిగా ఛార్జి చేయండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. 1 యాంపు తీసుకునే లైటులో 3,000 ఎంఏహెచ్ సెల్లుకు మూడున్నర, నాలుగు గంటలు మామూలు. గంటలోనే నిండిందంటే సెల్లు మీద రాసినంత లేదు.
2. మధ్యస్థపు వెలుగులో పెట్టి, సాయంత్రం నుంచి పైకప్పుకు కొట్టి ఉంచండి.
3. గంటకోసారి అదే చోట కూర్చుని న్యూస్‌పేపర్ చదవండి. చదవలేకపోయిన గంటే మీ లైటు అసలు ఆయుష్షు.
4. మళ్లీ నింపి, నెల రోజులు ముట్టుకోకుండా ఉంచి వెలిగించండి. నీరసంగా ఉంటే స్విచ్చి సర్క్యూట్ లోలోపల కరెంటు తింటోంది. అలాంటి లైటుకు వెనకమూత పావు తిప్పు వదులు చేసి ఉంచాలి.

మూడో పరీక్ష ఎందుకంటే, పెట్టె మీద రాసే గంటలు వెలుగు పదోవంతుకు పడిపోయేదాకా లెక్కేసినవి. "8 గంటలు" అన్నదాంట్లో అయిదు గంటలు గుడ్డిదీపమే కావచ్చు.

తుపాను వస్తోందంటే

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫోన్ లైటు వాడితే కాల్ చేయాల్సిన బ్యాటరీ కరిగిపోతుంది. ఇంటికి ఒక 18650 లైటు, ఒక పెన్సిల్ సెల్లు లైటు, తలకు కట్టుకునేది ఒకటి ఉంటే సరిపోతుంది. వంట చేయాలన్నా, నీళ్లలో సామాను ఎత్తాలన్నా రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. నీటిని ఎంత తట్టుకుంటుందో పెట్టె మీద ఐపీఎక్స్ అంకెతో రాస్తారు. వానలో తిరగడానికి ఐపీఎక్స్4 చాలు. వరదనీళ్లలో దిగాల్సివస్తే మీటరు లోతులో అరగంట తట్టుకునే ఐపీఎక్స్7 కావాలి.

లెక్క ఇలా వేసుకోండి. మంచి ఎల్ఈడీ లైటు 100 ల్యూమెన్లకు సుమారు ఒక వాటు తింటుంది. 10.8 వాట్-అవర్ల సెల్లులో నష్టాలు పోగా 100 ల్యూమెన్లు ఎనిమిది తొమ్మిది గంటలు వస్తాయి, 20 ల్యూమెన్లు దాదాపు 40 గంటలు. రాత్రికి అయిదు గంటల చొప్పున ఒక్క సెల్లుతో వారం గడుస్తుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఇలాంటి సెల్లును రెండుసార్లు నింపుతుంది, కాగితం మీద మూడు అనిపించినా ఛార్జింగులో వేడిగా పోయేది ఎక్కువ.

మామూలు రోజుల్లో లిథియం లైటును నెలల తరబడి దాచిపెట్టాలంటే సగం ఛార్జితో ఉంచడం సెల్లుకు మంచిది. కానీ ఆపద లైటుకు ఆ నియమం పక్కన పెట్టండి: జూన్ నుంచి డిసెంబరు దాకా నిండుగానే ఉంచాలి, మూడు నెలలకోసారి చూడాలి. మే ఎండలో కారు డాష్‌బోర్డు మీద మాత్రం ఎప్పుడూ వదలొద్దు.

పని చేయనప్పుడు

మినుకుమినుకుమంటే ముందు మూత మరలు చూడండి. మెటల్ లైట్లలో కరెంటు ఒంటిగుండానే పోతుంది, మరల్లో మట్టి చేరితే దారి మూసుకుపోతుంది. పొడి గుడ్డతో తుడిచి, సిలికాన్ గ్రీజు చుక్క రాయండి. వ్యాసలీన్ కొన్ని రబ్బరు రింగులను ఉబ్బిస్తుంది. అప్పటికీ తగ్గకపోతే వెనకమూత లోపల రెండు గుంటలున్న చిన్న రింగు వదులైవుంటుంది, ట్వీజర్ మొనలు ఆ గుంటల్లో పెట్టి బిగించండి.

టైప్-సి లైటు ఫోన్ ఛార్జరు తీగతో ఛార్జి కాకపోతే పాడైందనుకోవద్దు. రెండు వైపులా టైప్-సి ఉన్న తీగకు లైటులో రెండు చిన్న రెసిస్టర్లు ఉండాలి, చవకవాటిలో వాటిని వదిలేస్తారు. ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న తీగ పెడితే ఎక్కుతుంది.

ఆల్కలైన్ సెల్లు కారి తెల్లటి పొడి పేరుకుంటే చేతికి కవరు తొడుక్కుని, దూదికి వెనిగర్ గానీ నిమ్మరసం గానీ అద్ది తుడవండి, కాస్త నురగ వస్తుంది. తర్వాత తడిగుడ్డతో తుడిచి ఒక రోజు ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఎర్ర సెల్లు కారితే వంటసోడా నీళ్లు వాడండి. పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వేస్తే నీరసమైనదాని ప్లస్, మైనస్ తారుమారై అది ముందు కారుతుంది, మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి మార్చాలి.

ఉబ్బిన లిథియం సెల్లును గుచ్చొద్దు, ఛార్జి పెట్టొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. రెండు చివరలకూ టేపు అంటించి, ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.