చుక్కాని బోల్టు దగ్గర ఊట: పాత ఫైబర్ తెరచాప బోటు

గోపాల్‌పూర్ ఒడ్డున మావాళ్ల పాత బోటులో తెల్లారేసరికి అడుగున నాలుగు వేళ్ల నీరు. ముందు నాలుక మీద వేసుకుని చూడాలి. చప్పగా ఉంటే వాన నీరు, డెక్కు మీంచి దిగుతోంది. ఉప్పగా ఉంటే నీటిగీత, అంటే బోటు నీళ్లలో మునిగే హద్దు, కింద వెతకాలి. మాది ఉప్పే.

ఇసుక మీదికి లాగి, లోపలా బయటా ఆరబెట్టి, వెనక అరలో జానెడు మంచినీళ్లు పోశాం. పొట్ట కింద ఇసుక బస్తాలు సర్దాకే పోయాలి, బరువుకి పాత ఫైబర్ చిట్లుతుంది. బయట సుద్దపొడి రాస్తే చెమ్మ తగిలినచోట రంగు మారుతుంది. చుక్కానిని బోటుకి పట్టే కింది బందు (కీలు) బోల్టు చుట్టూ టీ రంగు నీరు కారింది. ఆ రంగంటే ఫైబర్ లోపలి ప్లైవుడ్ చెక్క నానిందని.

బయట సీలెంట్ (సందులు మూసే ముద్ద) పులిమితే ఊట ఆగదు, లోపల కుళ్లుతుంది. బోల్టు తీసి, 8 మి.మీ. రంధ్రాన్ని 14కి పెంచి, మెత్తబడిన చెక్క గోకి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, చిక్కటి ఎపాక్సీ (రెండు పాళ్లు కలిపితే గట్టిపడే జిగురు) నింపాం. గట్టిపడ్డాక నడిమధ్య మళ్లీ 8 మి.మీ. రంధ్రం. ఇక నీరు చెక్కను తాకదు. ఎపాక్సీయే ఎందుకంటే, మామూలు పాలియెస్టర్ రెసిన్ పాత ఫైబర్‌కి అంతగా పట్టదు.

బోల్టులు 316 గ్రేడు (ఉప్పునీటికి తుప్పు త్వరగా పట్టని) స్టెయిన్‌లెస్ స్టీలు, వెడల్పు వాషర్లు, పాలీయూరిథేన్ సీలెంట్. సిలికాన్ వద్దు; అది రాసినచోట తర్వాత ఏదీ అంటదు. మొదటిరోజు సీలెంట్ అంచుకి ఉబికేంత వరకే బిగించాలి. గట్టిపడ్డాక బోల్టు తల కదలకుండా పట్టుకుని నట్టు మాత్రమే తిప్పాలి.