మైఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సీపీయూ నిండిపోయిందా? రీస్టార్ట్ కొట్టకముందు ఇది చూడండి

పేజీలు తెరుచుకోవడం లేదు, లాగిన్ గుండ్రంగా తిరుగుతూనే ఉంది, డేటాబేస్ సర్వర్ సీపీయూ గ్రాఫ్ పైకెక్కి దిగనంటోంది. చుట్టూ చేరినవాళ్లలో ఎవరో ఒకరు "రీస్టార్ట్ చేసేద్దాం" అంటారు. తొందరపడకండి. రీస్టార్ట్‌తో కాసేపు ఊపిరాడుతుందేమో గానీ, ఆ సమయంలో ఏ క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) నడుస్తున్నాయో చూసే అవకాశం పోతుంది. పైగా బఫర్ పూల్ (మైఎస్‌క్యూఎల్ డేటాను మెమరీలో ఉంచుకునే చోటు) మళ్లీ నిండేదాకా సర్వర్ ఇంకా నీరసంగా ఉంటుంది.

ముందు ఏ ప్రోగ్రామ్ ఎంత సీపీయూ తింటోందో చూపే టాప్ కమాండ్ కొట్టండి. మైఎస్‌క్యూఎల్‌డీ (సర్వర్ ప్రోగ్రామ్ పేరు) పక్కన 780 శాతం అని కనబడితే కంగారు వద్దు. కోర్‌కు 100 చొప్పున లెక్క, 8 కోర్ల మెషీన్ నిండితే 800. అసలు చూడాల్సింది పైన ఉండే సీపీయూ వరుస. డబ్ల్యూఏ (wa) ఎక్కువుంటే డిస్క్ కోసం ఎదురుచూస్తోందని అర్థం, ఆ వైద్యం వేరు. ఎస్‌టీ (st) ఎక్కువుంటే మీ వర్చువల్ మెషీన్‌కు అందాల్సిన సీపీయూ అందడం లేదు. అప్పుడు ఎన్ని ఇండెక్సులు (వరుసలను త్వరగా వెతికే సూచికలు) వేసినా లాభం లేదు, క్లౌడ్ వాళ్లతో తేల్చుకోవాలి. యూఎస్ (us) ఎక్కువుంటేనే, అంటే ప్రోగ్రాములే సీపీయూ తింటుంటేనే, క్వెరీల జోలికి వెళ్లండి. నాకు ఎక్కువసార్లు ఎదురైంది ఇదే.

లక్షణం: సీపీయూ నిండింది, స్లో క్వెరీ లాగ్ మాత్రం ఖాళీ

మా టీమ్‌కు ఒకసారి ఇలాగే జరిగింది. కొత్త వెర్షన్ పెట్టిన మర్నాడు పొద్దున్నే 8 కోర్లూ నిండిపోయాయి. ఆలస్యమైన క్వెరీలను రాసిపెట్టే స్లో లాగ్ తెరిస్తే ఒక్క లైనూ లేదు. ఉండదు కూడా, ఎందుకంటే లాంగ్ క్వెరీ టైమ్ (ఇంతకన్నా ఎక్కువ పడితేనే లాగ్‌లో రాయాలనే హద్దు) డిఫాల్ట్ విలువ 10 సెకన్లు. మమ్మల్ని ముంచిన క్వెరీ తీసుకుంటున్నది 0.3 సెకను. కానీ అది సెకనుకు 30 సార్లు వస్తోంది. అంటే ప్రతి సెకనుకూ 9 సెకన్ల పని, చేయడానికి ఉన్నవి 8 కోర్లు.

అప్పుడు నడుస్తున్న క్వెరీలను చూపే షో ఫుల్ ప్రాసెస్‌లిస్ట్ కొడితే దొంగ దొరికాడు. స్లీప్ అని ఉన్న కనెక్షన్లను వదిలేస్తే, మిగిలినవన్నీ ఒకే అచ్చు: ఫోన్ నంబర్‌తో కస్టమర్‌ను వెతకడం. ఫోన్ కాలమ్ మీద ఇండెక్స్ ఉంది కదా అనుకుంటూ, క్వెరీని మైఎస్‌క్యూఎల్ ఎలా నడుపుతుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ వేశాం. పాజిబుల్ కీస్‌లో ఇండెక్స్ పేరుంది. కీ దగ్గర నల్, అంటే ఏ ఇండెక్సూ వాడలేదు. టైప్ దగ్గర ఆల్. రోస్ దగ్గర దాదాపు 6 లక్షలు, అంటే టేబుల్ మొత్తం.

కారణం రెండు కోట్స్. కాలమ్ వర్‌చార్ (అక్షరాల రకం), కొత్త కోడ్ మాత్రం నంబర్‌ను కోట్స్ లేకుండా అంకెగా పంపుతోంది. అక్షరాలను అంకెతో పోల్చాలంటే మైఎస్‌క్యూఎల్ ప్రతి వరుసనూ అంకెగా మార్చి చూడాలి. '98', '098', ముందు ఖాళీ ఉన్న ' 98' అన్నీ 98కి సమానమే కాబట్టి, అక్షరక్రమంలో పేర్చిన ఇండెక్స్ అక్కరకు రాదు. తిరగేస్తే ఈ గొడవ లేదు: ఇంట్ (అంకెల) కాలమ్‌కు కోట్స్‌లో విలువ పంపినా ఇండెక్స్ పనిచేస్తుంది.

పరిష్కారం: కోడ్‌లో ఆ విలువను స్ట్రింగ్‌గా, అంటే అక్షరాలుగా, బైండ్ చేసి పంపడం, అంతే. ఈలోగా నడుస్తున్న క్వెరీని ఆపే కిల్ క్వెరీ కొడుతూ కూర్చోవడం చీమలను వేలితో నొక్కినట్టే, వెనకాల వరుస వస్తూనే ఉంటుంది.

ఇలాంటివాటిని పట్టుకోవడానికి సిస్ స్కీమా (సర్వర్ పనితీరు వివరాలు చూపే డేటాబేస్) లోని స్టేట్‌మెంట్ ఎనాలిసిస్ వ్యూ నాకు స్లో లాగ్ కన్నా ఇష్టం. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి దానంతటదే వస్తుంది. ఒక్కసారికి ఎంత పట్టిందని కాక, మొత్తం ఎంత తిన్నదని పేర్చి చూపిస్తుంది.

ఎక్స్‌ప్లెయిన్‌లో ఆల్ రావడానికి ఇంకొన్ని కారణాలు

క్వెరీలోని వేర్ షరతులో తేదీ కాలమ్‌కు డేట్ ఫంక్షన్ చుట్టినా మామూలు ఇండెక్స్ పోతుంది; ఇన్నింటి నుంచి ఇన్నింటి వరకు అని హద్దులుగా రాయండి. రెండు టేబుళ్లను కలిపే జాయిన్‌లో ఒక టేబుల్ పాత క్యారెక్టర్ సెట్ (అక్షరాలను దాచే పద్ధతి) లో, ఇంకొకటి యూటీఎఫ్8ఎంబీ4లో ఉన్నా ఇదే తంటా రావచ్చు. అసలు ఇండెక్సే లేకపోతే వేయండి. కాకపోతే టేబుల్‌ను మార్చే ఆల్టర్ కొట్టే ముందు, ఆ టేబుల్‌ను తాకి ఇంకా కమిట్ కాని (ముగియని) ట్రాన్సాక్షన్ ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే ఆల్టర్ మెటాడేటా లాక్ (టేబుల్ నిర్మాణం మీద తాళం) కోసం ఆగిపోతుంది, దాని వెనక వచ్చిన సెలెక్టులు కూడా ఆగిపోతాయి. సీపీయూ తగ్గిందని మీరు సంబరపడేలోపు సైట్ పూర్తిగా పడుకుంటుంది.

లక్షణం: క్వెరీలేవీ లేవు, అయినా సీపీయూ నిండింది

అరుదు గానీ చరిత్రలో ఉంది. 2012 జూలై 1న, మన టైమ్ ప్రకారం పొద్దున 5:30కి లీప్ సెకను (గడియారాలకు అదనంగా చేర్చే ఒక సెకను) కలిపినప్పుడు లైనక్స్ కెర్నల్‌లో ఉన్న బగ్ వల్ల ఎన్నో మైఎస్‌క్యూఎల్ సర్వర్లు ఊరికే సీపీయూ తిన్నాయి. మైఎస్‌క్యూఎల్‌ను రీస్టార్ట్ చేసినా తగ్గలేదు. డేట్ కమాండ్‌తో సిస్టమ్ గడియారాన్ని ఉన్న టైమ్‌కే మళ్లీ సెట్ చేస్తే తగ్గింది.