బిళ్ళ గన్నేరు ఆకు నుంచి కాలస్: 4వ భాగం

కాలస్ అంటే కోసిన ముక్క అంచున పెరిగే, ఏ రూపమూ లేని కణాల గడ్డ. పోయిన భాగంలో దాన్ని పెంచడానికి ఎం.ఎస్. (మురాషిగె-స్కూగ్) అనే పోషక మీడియం తయారుచేసుకున్నాం: లీటరుకు చక్కెర 30 గ్రాములు, ఆగార్ 8 గ్రాములు, పీహెచ్ 5.8. ఒక మాట మళ్ళీ చెప్తున్నా, నల్గొండ బోరు నీళ్ళు పనికిరావు. ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, అందులోని ఉప్పులతో మనం మిల్లీగ్రాముల్లో తూచిన లెక్కంతా తప్పుతుంది. డిస్టిల్డ్ వాటరే వాడండి.

ఇవాళ ఆకు పని. కొమ్మ చివరి లేతాకులు రెండు మూడు తెంపి, కుళాయి కింద అరగంట కడగండి. 70 శాతం ఆల్కహాల్‌లో అర నిమిషం, సోడియం హైపోక్లోరైట్‌లో 10 నిమిషాలు ఉంచి, ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే పరికరం) చేసిన నీళ్ళతో మూడుసార్లు కడిగితే చాలు. లామినార్ ఫ్లో (వడకట్టిన శుభ్రమైన గాలి వీచే బల్ల) ముందు కూర్చొని అర సెంటీమీటరు ముక్కలు కోయండి. నడి ఈనె తగిలేలా కోయడం మంచిది. కోసిన అంచు దగ్గరే కాలస్ లేస్తుంది.

మీడియంలో నేను వేసే హార్మోన్లు లీటరుకు 1 మి.గ్రా. 2,4-డి, 0.1 మి.గ్రా. కైనెటిన్. రైతుబిడ్డలు ఇక్కడ నవ్వుతారు: "అది వరిలో కొట్టే కలుపు మందు కదా సార్!" అవును, అదే. మోతాదులోనే ఉంది తేడా. అట్లని పొలం డబ్బా తెచ్చి పోయకండి, ల్యాబ్ రకమే కొనండి.

ముక్కలు పెట్టిన మీడియం సీసాలు 25 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచాలి. ఒక మే నెలలో కరెంటు పోయి, ఏసీ ఆగి, నా సీసాలన్నీ గోధుమరంగుకు తిరిగాయి. మూడు నాలుగు రోజులకే తెల్లగా దూదిలా కనిపిస్తే సంబరపడొద్దు, అది బూజు. మూత తీయకుండానే ఆటోక్లేవ్‌లో పెట్టేయండి. అసలు కాలస్‌కు మూడు నాలుగు వారాలు పడుతుంది.

గడ్డ బాగా పెరిగింది కాబట్టి క్యాన్సర్ మందు వచ్చేసిందనుకుంటారు చాలామంది. రాదు. విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే ఆ మందులు రావాలంటే ఈ మొక్కలోనే తయారయ్యే కాథరాంథిన్‌తో విండోలిన్ జతకట్టాలి. విండోలిన్ పూర్తిగా తయారయ్యేది వెలుగు తగిలే ఆకులోని ప్రత్యేక కణాల్లో. ఏ రూపమూ లేని కాలస్‌లో ఆ కణాలెక్కడివి? మన గడ్డ నుంచి ఆశించాల్సింది ఎజ్మాలిసిన్ అనే ఇంకో ఆల్కలాయిడ్‌ను (మొక్కలు తయారుచేసే నత్రజని ఉన్న పదార్థం). దానికీ ఒక చిక్కుంది: గడ్డను పెంచే 2,4-డియే ఆల్కలాయిడ్‌ను అణిచేస్తుంది. అందుకని ముందు పెంచి, తర్వాత 2,4-డి లేకుండా చక్కెర 50 గ్రాములకు పెంచిన మీడియంలోకి మారుస్తాం. అది 5వ భాగం. మార్చే రోజున ఒక్కో గడ్డ తూకం, తేదీ నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. ఆ అంకెలు లేకపోతే వచ్చేసారి లెక్కలు చేయలేం.