140 డబ్బాలు, రోజూ ఒకే వరుస

ఒక్క పామును పెంచేవారికి దాని తీరు కంఠతా వస్తుంది. టెక్సాస్‌లో మా ఇంటి వెనక గదిలో 140 బాల్ పైథాన్లు (విషం లేని ఆఫ్రికా కొండచిలువలు) ఒక్కో డబ్బాలో ఒక్కటిగా ఉన్నాయి. ఇన్ని ఉన్నప్పుడు జ్ఞాపకాన్ని నమ్ముకోకూడదు. ప్రతి డబ్బాకూ ఒక చీటీ ఉండాలి, ప్రతి పామునూ రోజూ కనీసం మూడు సెకన్లు కళ్లారా చూడాలి.

ఉదయం ఏ డబ్బా తెరవకముందే వేడి చూస్తాను. డబ్బా వెనక భాగం 31 నుంచి 32 డిగ్రీలు, ముందు భాగం 26 దగ్గర ఉండాలి. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మీద కనిపించే అంకెతో సరిపెట్టుకోకండి, విడిగా ఒక థర్మామీటర్ పెట్టండి. ఒక చలికాలం నేను అరలు తుడుస్తుంటే థర్మోస్టాట్‌కు ఉండే, వేడిని పసిగట్టే తీగ కొన ఊడి కిందికి జారింది. థర్మోస్టాట్ చల్లటి గదిగాలిని చూసి, వేడి చాలలేదనుకుని డబ్బాలకు వేడినిచ్చే పట్టీని రాత్రంతా ఆపకుండా నడిపింది. తెల్లారేసరికి ఒక ఆడపాము పొట్ట కింద పొలుసులు గోధుమరంగుకు తిరిగి బొబ్బలెక్కాయి. మానడానికి మూడుసార్లు కుబుసం విడవాల్సి వచ్చింది. ఇప్పుడు రోజూ ప్రతి తీగనూ వేలితో మెల్లగా లాగి చూస్తాను. వేడి హద్దు దాటితే కరెంటు ఆపేసే రెండో థర్మోస్టాట్ కూడా పెట్టాను.

తర్వాత నీళ్లు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇంట్లో పుట్టాను, ఆ భక్తి అంటే నాకు గౌరవమే. కానీ పాముకు కావలసింది మంచినీళ్లు. గిన్నె కడిగి నింపేటప్పుడే పామును చూడండి. తల పైకెత్తి నోరు కాస్త తెరిచి ఉంచినా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా, ఊపిరి టిక్కుమన్నా ఆ డబ్బా మీద ఎర్ర చీటీ అంటించి పశువైద్యుడికి ఫోను చేయండి. నీళ్లలో మిరియాల పొడిలా నల్లటి చుక్కలు తేలుతుంటే అవి పాముల రక్తం పీల్చే మైట్లు అనే చిన్న పురుగులు. ఆ అర మొత్తానికీ వైద్యం చేయాలి.

వరుస ఎప్పుడూ మారకూడదు: ముందు పిల్లలు, తర్వాత పెద్దవి, ఆఖరున జబ్బువి. కొత్తగా తెచ్చినవి 90 రోజులు వేరే గదిలో, వేరే పట్టకారుతో. ఆ గదిలోంచి వచ్చాక చేతులు కడిగి బట్టలు మార్చకుండా ఈ గదిలోకి రాను.

మేత రోజూ అక్కర్లేదు. పిల్లలకు వారానికోసారి, పెద్దవాటికి పది పద్నాలుగు రోజులకోసారి చాలు. ఫ్రీజర్ ఎలుకలను రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చి, మేత వేళకు సంచిలో పెట్టి వేడినీళ్లలో ముంచుతాను. తల భాగం వెచ్చగా ఉంటేనే పాము పట్టుకుంటుంది. బతికున్న ఎలుకను వేయకండి, అది కొరికిన గాయాలు ఘోరంగా ఉంటాయి. కళ్లు నీలంగా మసకబారాయంటే కుబుసం విడిచే వేళ, ఆ డబ్బా దాటేయండి. తిన్న పామును రెండు రోజులు ఎత్తవద్దు. తిన్నదా, వదిలేసిందా, బరువెంత అన్నది అక్కడికక్కడే చీటీ మీద రాయండి.

గర్భంతో ఉన్న ఆడపాము గుడ్లకు ముందు ఒకసారి కుబుసం విడుస్తుంది. ఆ తేదీ నుంచి దాదాపు నెలకు గుడ్లు. పెట్టిన తీరులోనే పైభాగాన పెన్సిలుతో గుర్తు పెట్టి గుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్‌కు మార్చండి, దొర్లించకండి. సుమారు 31.5 డిగ్రీల దగ్గర 55 నుంచి 60 రోజులు పడుతుంది.

భారతదేశంలో ఉన్నవారు దీన్ని చూసి పాములు తెచ్చుకోకండి. అక్కడి పాములను పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 2022 సవరణ తర్వాత బాల్ పైథాన్‌కూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

పుట్టిన పిల్లలు వారం పది రోజుల్లో మొదటి కుబుసం విడుస్తాయి. మేత ఆ తర్వాతే. వద్దంటే బలవంతం చేయకండి, ఐదు రోజులాగి మళ్లీ పెట్టండి.